అమ్మ పాదం పుండుకు చేప కొల్లాజెన్: నా అనుభవం

మా అమ్మ కుడి పాదం అడుగున, బొటనవేలి మొదట్లో, ఏళ్ల తరబడి ఒక ఆనెకాయ ఉండేది. మాది గార మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. ఇసుకలోనూ పొలం గట్ల మీదా చెప్పులు లేకుండా తిరగడం అక్కడ ఆ వయసు ఆడవాళ్లకు అలవాటు కాబట్టి ఆనెకాయను ఎవరూ జబ్బుగా లెక్కపెట్టరు. అమ్మకు మధుమేహం పాతది. దానివల్ల పాదాల నరాలు మొద్దుబారి, కాలి కింద రాయి గుచ్చుకున్నా తెలియని స్థితి వచ్చింది. ఆనెకాయ అంచున తడి చేరి, ఆ తడికి వాసన రావడం మొదలయ్యాక చెల్లెలు నాకు ఫోన్ చేసింది. శ్రీకాకుళంలోని మా ఇంటికి తీసుకువచ్చి ఒక శస్త్రవైద్యుడికి చూపించేసరికి, గట్టిపడిన చర్మం కింద అంగుళం పైగా వెడల్పున పుండు గుల్ల చేసి ఉంది. “నొప్పేటీ లేదు బాబూ” అని అమ్మ డాక్టరు గారికే ధైర్యం చెప్పింది. నొప్పి లేకపోవడమే ఆమెకున్న పెద్ద జబ్బు అని ఆయన నాతో విడిగా అన్నారు.

ఆ పుండు చివరకు మానింది. మానడంలో చేప నుంచి తీసిన కొల్లాజెన్ అనే ప్రోటీన్ సాయం కొంత ఉంది. ఆ ‘కొంత’ ఎంత అన్నదే నేను ఇక్కడ రాయదలచుకున్నది. ఎందుకంటే ఈ సంగతి మా ఊరు చేరేసరికి దానికి ముందూ వెనకా జరిగినదంతా రాలిపోయి, చేప మందుతో పుండు మానిందన్న ఒక్క మాటే మిగిలింది. ఆ మాట విని ఫోన్ చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

మొదట జరిగిన పరీక్షల్లో చేప ప్రసక్తే లేదు. డాక్టరు గారు నైలాన్ తంతువు ఒకటి తీసుకుని పాదం మీద పలుచోట్ల ఆనించి, అది వంగేదాకా నొక్కి, తెలిసిందా అని అడుగుతూ వచ్చారు. పది గ్రాముల ఒత్తిడికి వంగేలా తయారుచేసిన ఆ తంతువును మోనోఫిలమెంట్ అంటారు. అమ్మ కళ్లు మూసుకుని, తంతువు ఆనించనప్పుడు కూడా తెలిసిందనే చెప్పింది. తరువాత పాదం మీద నాడి చూసి, రక్తం పారే శబ్దాన్ని వినిపించే డాప్లర్ యంత్రంతో చీలమండ దగ్గరి రక్తపోటును చేతి రక్తపోటుతో పోల్చారు. రక్తం చేరని పాదానికి ఎంత ఖరీదైన కట్టు కట్టినా పుండు మానదు కాబట్టి ముందు తేలవలసింది అదేనని వివరించారు. అమ్మ విషయంలో రక్తప్రసరణ ఫరవాలేదని తేలింది. శుద్ధి చేసిన సన్నని లోహపు కడ్డీని పుండులోకి పోనిచ్చి ఎముక తగులుతుందేమో చూశారు, ఎక్స్‌రే తీయించారు. ఎముక దాకా కుళ్లు పోలేదు. మూడు నెలల చక్కెర సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ ఫలితం మాత్రం బాగా ఎక్కువగా వచ్చింది. ఆ రోజే ఇన్సులిన్ మొదలుపెట్టారు.

ఆ తరువాత ఆనెకాయను, దాని కింద చచ్చిన కండను బ్లేడుతో తీసివేశారు. డిబ్రైడ్‌మెంట్ అనే ఈ పనికి అమ్మకు మత్తు అవసరమే రాలేదు. నేను పక్కన నిలబడి చూస్తుంటే ఆమె సిస్టరుతో ఊరి కబుర్లు చెబుతూ ఉంది. శుభ్రం చేసిన పుండు అంతకుముందు కంటే పెద్దదిగా కనిపిస్తుంది. ఇంటివాళ్లు బెదిరిపోయి ఆసుపత్రి మార్చే ఘట్టం ఇదేనని డాక్టరు గారు ముందే హెచ్చరించారు కాబట్టి మేము నిలకడగా ఉండగలిగాం. పుండు లోపలి నుంచి తీసిన నమూనాను, అందులో ఏ బాక్టీరియా ఉందో తేల్చే కల్చర్ పరీక్షకు పంపి, దానికి తగిన యాంటీబయాటిక్ ఇచ్చారు. సెలైన్‌తో కడగడం, కట్టు మార్చడం, మళ్లీ ఏర్పడిన చచ్చు పొరను తీయడం, ఇదే కొన్నాళ్లు సాగింది. పుండు అడుగు పసుపు రంగు పోయి ఎర్రగా, గింజలు గింజలుగా కనిపించే వరకు మరో ఆలోచన లేదు.

అలా ఎర్రబడిన తరువాత పుండు అక్కడే ఆగిపోయింది. చీము లేదు, వాసన లేదు, అయినా అంచులు లోపలికి జరగడం లేదు. అప్పుడు డాక్టరు గారు కొల్లాజెన్ మాట ఎత్తారు. నేను ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను కాబట్టి ఆయన కొంచెం విడమరచి చెప్పారు. చర్మానికి పటుత్వం ఇచ్చేది కొల్లాజెన్ అనే ప్రోటీన్. గాయమైన చోట ఫైబ్రోబ్లాస్ట్ కణాలు కొత్త కొల్లాజెన్‌ను అల్లుతుంటాయి. పాడైన పాత కొల్లాజెన్‌ను కోసి తొలగించడానికి మెటల్లోప్రోటీనేజ్‌లనే ఎంజైములు పనిచేస్తుంటాయి. మామూలు గాయంలో ఈ ఎంజైములు తమ పని అయ్యాక తగ్గిపోతాయి. మధుమేహపు పుండులో అవి తగ్గవు. కొత్తగా అల్లినదాన్ని కూడా ఎప్పటికప్పుడు కోసేస్తూ ఉంటాయి. బయటి నుంచి కొల్లాజెన్ తెచ్చి అక్కడ పెడితే ఎంజైములు కొంతవరకు దాని మీద ఖర్చవుతాయి, ఈలోగా ఒంటిలోని కొత్త కండకు నిలదొక్కుకునే వ్యవధి దొరుకుతుంది. పైగా కణాలు పాకడానికి అది ఒక ఆధారం, తేమను నిలిపే ఒక పొర కూడా. మొదటి రోజునే ఎందుకు పెట్టలేదని అడిగాను. ఇన్‌ఫెక్షన్ ఉన్న పుండులో బాక్టీరియా విడిచే ఎంజైములే దాన్ని కరిగించి పారేస్తాయని, డబ్బు దండగ కావడమే కాక లోపల చీము మూతపడే ప్రమాదం కూడా ఉందని ఆయన జవాబు.

అమ్మకు ఈ వివరం ఏదీ పట్టలేదు. ఆమె అడిగింది ఒక్కటే, ఆ పొర దేన్నుంచి తీస్తారని. న్యాయమైన ప్రశ్నే. వైద్యంలో వాడే కొల్లాజెన్ చాలావరకు పశువుల చర్మం నుంచో, పంది నుంచో, చేప నుంచో వస్తుంది. పశువుల నుంచి తీసినదంటే మా ఇళ్లలో ఒప్పుకోరు, పంది నుంచి తీసినదైతే ముస్లింలు ఒప్పుకోరు. వీటికి తోడు పశువుల నుంచి సోకగల ప్రయాన్ జబ్బుల, అంటే వికటించిన ప్రోటీన్ల వల్ల మెదడుకు వచ్చే జబ్బుల, భయం ఒకటి ఉంది. చేప కొల్లాజెన్‌కు గిరాకీ పెరగడానికి ఈ కారణాలన్నీ ఉన్నాయి. సిస్టరు గారు “చేపది అమ్మా” అనగానే గండం గడిచిందనుకున్నాను. కానీ అమ్మ ముఖం మాడ్చుకుంది.

“ఏటిరా బాబూ, నీసు తింతే చీము పడతాదని ఇన్నాళ్లూ నోరు కట్టుకున్నానే, ఇప్పుడు ఆ నీసే పుండు మీదెట్టుకోమంతారా?”

పుండు తెలిసిన నాటి నుంచి అమ్మ చేప, గుడ్డు, మాంసం అన్నీ మానేసిందన్న సంగతి అప్పుడు బయటపడింది. మా ప్రాంతంలో పథ్యం గట్టిది. కోత పడినా, కురుపు లేచినా నీసు ముట్టనివ్వరు. బాలింతకు పాలు పడతాయని సొరపుట్టు చేసి పెట్టే ఇళ్లలోనే, ఆ బాలింతకు కుట్లు పడితే అదే సొరను గుమ్మం దాటనివ్వరు. డాక్టరు గారు కొల్లాజెన్‌ను కాసేపు పక్కన పెట్టి రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ ఎంత ఉందో చూపించే కాగితం తీశారు. అది తక్కువగా ఉంది. మానే పుండుకు ప్రోటీన్ కావాలి, గంజి, మజ్జిగ, చారు అన్నంతో కొత్త కండ పుట్టదు, చేప తినండి అని ఆయన స్పష్టంగా చెప్పారు. అమ్మ ఆయన మాటను వెంటనే ఒప్పుకోలేదు. నా భార్య మధ్యేమార్గంగా గుడ్డుతో మొదలుపెట్టి, కొన్నాళ్లకు కొరమేను పులుసులోకి వచ్చింది. పుండు మీద చేప పెట్టించుకోవడానికి అమ్మ ముందే ఒప్పుకుంది. కంచంలో చేప పెట్టించుకోవడానికే ఎక్కువ కాలం పట్టింది.

డ్రెస్సింగ్ గదిలో పక్క బల్ల మీద ఒక పెద్దాయన ఉండేవారు, పూర్తిగా శాకాహార కుటుంబం. ఆయనకు చేపది కూడా పనికిరాదన్నారు. సముద్రపు గోధుమరంగు నాచు నుంచి తీసే ఆల్జినేట్ కట్టు ఒకటి ఉంటుంది, ఆయనకు అది వాడారు. అది చేసే పని వేరు, స్రావాన్ని పీల్చుకుని జిగురుగా మారి పుండును తడిగా ఉంచుతుంది. ఆయన పుండు కూడా బాగానే తగ్గుతూ వచ్చిందని ఇక్కడ చెప్పి తీరాలి.

కొల్లాజెన్ పెట్టే ముందు చేపలు తింటే దద్దుర్లు, ఆయాసం లాంటివి ఎప్పుడైనా వచ్చాయా అని రెండుసార్లు గుచ్చి గుచ్చి అడిగారు. చేప పడనివారికి ఎక్కువగా పడనిది కండలో ఉండే పార్వాల్బుమిన్ అనే ప్రోటీన్. అయితే కొల్లాజెన్ పడనివారు కూడా ఉన్నారు కాబట్టి చేప అలర్జీ ఉన్నవారికి ఇలాంటి కట్లు వాడరు. పుట్టినప్పటి నుంచి కవళ్లు, నెత్తళ్లు, కానాగంతల మధ్య పెరిగిన మనిషికి ఈ ప్రశ్న వింతగా తోచింది కానీ, సిస్టరు దాన్ని కాగితం మీద రాసుకుని సంతకం పెట్టించుకున్నారు.

ఆ వారమంతా నేను దొరికినదల్లా చదివాను. చదివిన కొద్దీ అర్థమైనది, చేప నుంచి వచ్చే పుండు మందులన్నీ ఒక్కటి కావని. ఐస్‌లాండ్‌లో కెరెసిస్ అనే సంస్థ అట్లాంటిక్ కాడ్ చేప చర్మంలోని కణాలను తొలగించి, మిగిలిన చర్మపు అల్లికను యథాతథంగా ఆరబెట్టి పుండ్ల మీద వాడేలా తయారుచేస్తుంది. అమెరికాలో దానికి 2013లో అనుమతి వచ్చింది. పశువుల కణజాలంలో వైరసులను చంపడానికి ఘాటైన రసాయనాలు వాడవలసి వస్తే, చల్లని నీటి చేప విషయంలో ఆ అవసరం లేనందున చర్మంలోని ఒమేగా-3 కొవ్వులు కూడా మిగులుతాయని వారి వాదన. 102 మంది మధుమేహ రోగులపై అమెరికాలో జరిగిన ఒక పరీక్షలో ఈ చర్మం వాడినవారిలో 12 వారాలకు 56.9 శాతం మందికి పుండు పూర్తిగా మానితే, కొల్లాజెన్, ఆల్జినేట్ కలిసిన కట్టు వాడినవారిలో 31.4 శాతం మందికే మానింది. ఇంకా లోతైన పుండ్లున్న 255 మందిపై ఐరోపాలో జరిగి 2024లో వెలువడిన పరీక్షలో 16 వారాలకు చేప చర్మం వాడినవారిలో 44 శాతం మందికి, మామూలు చికిత్స పొందినవారిలో 26 శాతం మందికి పుండు మానింది. వీటిని చదివి నేను మొదట సంబరపడ్డాను. తరువాత నిదానించి చూస్తే, ఈ అంకెలు చేప చర్మానికి చెందినవి. అమ్మకు పెట్టబోయేది చర్మం కాదు. చేప నుంచి విడదీసిన కొల్లాజెన్ మాత్రమే. మొదటి పరీక్షలో వెనకబడిన వైపే కొల్లాజెన్ కట్టు ఉంది. ఆ కాగితాలు చూపించి అడిగితే డాక్టరు గారు దాపరికం లేకుండా, మనకు దొరికేది ఇది, మన స్తోమతకు అందేది ఇది, పుండు సిద్ధంగా ఉంది కాబట్టి సాయపడుతుందనుకుంటున్నాను, అంతకు మించి మాట ఇవ్వలేనని చెప్పారు. ఆ మాట మీద నాకు నమ్మకం కుదిరింది.

బ్రెజిల్‌లోని ఫోర్తలేజా నగరంలో సియరా సమాఖ్య విశ్వవిద్యాలయం వైద్యులు కాలిన గాయాలకు వాడే తిలాపియా చర్మం మరొక రకం. దాన్ని పొలుసులు తీసి, క్రిమిసంహారకంలో నానబెట్టి, గాఢత పెంచుతూ గ్లిజరాల్‌లో ఉంచి, గామా కిరణాలతో శుద్ధి చేసి అప్పుడు కాలిన చోట పరుస్తారు. రోజూ కట్టు విప్పి మళ్లీ కట్టే బాధ తప్పడం రోగికి పెద్ద ఊరట. 2017 చివర కాలిఫోర్నియా కార్చిచ్చులో పాదాలు కాలిన ఎలుగుబంట్లకు కూడా పశువైద్యులు దీన్నే కట్టారు. కాడ్ కాలేయపు నూనె సంగతి ఇంకా పాతది. జింక్ ఆక్సైడ్‌తో కలిపిన ఆ లేపనాన్ని పసిపిల్లల తొడల ఒరుపుకు పాశ్చాత్య దేశాల్లో వందేళ్లుగా వాడుతున్నారు. సాల్మన్ చేప వీర్యం నుంచి తీసిన డీఎన్ఏ ముక్కలను ఇటలీ, కొరియాల్లో పుండ్లకూ చర్మ సౌందర్యానికీ వాడతారు. మలేసియాలో మన కొరమేనును హరువాన్ అంటారు. కాన్పయిన స్త్రీకి, ఆపరేషన్ అయినవారికి దాని రసం తాగించడం అక్కడి ఆచారం. ఆ రసం నుంచి పూత మందులు తయారుచేసి అక్కడి విశ్వవిద్యాలయాలు పరిశోధనలు చేశాయి. మనం పుండు పడితే తినడం మాన్పించే చేపను వాళ్లు పుండు మానడానికే తినిపిస్తారని అమ్మకు చదివి వినిపించాను. “ఆళ్ల చేపలు ఏరే అయ్యుంటాయి” అని కొట్టిపారేసింది. మన దేశంలోనూ ఈ దిశగా పని జరగకపోలేదు. కొచ్చిలో 1957లో మొదలైన కేంద్ర మత్స్య సాంకేతిక పరిశోధన సంస్థ చేపల గాలితిత్తిలోని కొల్లాజెన్‌ను, రొయ్య పెంకు నుంచి తీసిన కైటోసాన్‌ను కలిపి ఒక పొరను, చేప పేగుల నుంచి ఒంటిలో కరిగిపోయే కుట్టు దారాన్ని రూపొందించింది. ఆ సంస్థ కేంద్రం ఒకటి విశాఖపట్నంలోనే ఉంది.

కొల్లాజెన్‌ను తీసే పద్ధతి పాఠశాల ప్రయోగశాలలో కూడా ఊహించుకోగలిగినంత సూటిగా ఉంటుంది. చేప చర్మాన్నో పొలుసునో గాలితిత్తినో క్షారంలో కడిగి ఇతర ప్రోటీన్లను, కొవ్వును పోగొడతారు. పలుచని ఎసిటిక్ ఆమ్లంలో, అవసరమైతే పెప్సిన్ ఎంజైముతో కలిపి, కొల్లాజెన్‌ను కరిగిస్తారు. ఉప్పుతో దాన్ని విడగొట్టి, శుభ్రపరచి, పలుచగా పోసి, గడ్డకట్టించి ఆరబెడతారు. చివరకు క్రిమిరహితం చేస్తారు. ఇదంతా ఎక్కువ వేడి తగలకుండా చేయాలి. చేప కొల్లాజెన్‌లో హైడ్రాక్సీప్రోలిన్ అనే అమైనో ఆమ్లం పశువుల కొల్లాజెన్‌లో కంటే తక్కువగా ఉన్నందున, దాని ముప్పేట అల్లిక తక్కువ వేడికే విడిపోయి జెలటిన్‌గా మారుతుంది. చల్లని సముద్రాల్లో బతికే చేపలది మరీ తొందరగా విడిపోతుంది. మన చెరువుల్లోని బొచ్చె, శీలావతిలాంటి వేడి నీటి చేపలది కొంత ఎక్కువ తట్టుకుంటుంది. పెట్టె మీద చల్లని చోట ఉంచమని రాసి ఉండటానికి కారణం అర్థమయ్యాక, మే నెల ఎండలో మందుల దుకాణం నుంచి ఇంటికి తెచ్చే దారిలో కూడా దాన్ని స్కూటర్ డిక్కీలో పెట్టకుండా చేతి సంచిలో తెచ్చేవాణ్ణి.

ఇక పెట్టిన తీరు. అమ్మ పుండు లోతుగా ఉన్నన్నాళ్లు రేణువుల రూపంలో ఉన్నది వాడారు. చిన్న సీసాలో ఉప్పు రవ్వలా ఉండే ఆ రేణువులను, సెలైన్‌తో కడిగి తడి అద్దిన పుండు గుంటలో అడుగు కప్పేంత చల్లారు. పుండు తేమ తగలగానే అవి ఉబ్బి మెత్తని ముద్దగా మారాయి. పైన పారఫిన్ పూసిన జాలీ గుడ్డ, దాని మీద గాజుగుడ్డ మెత్త, ఆపైన చుట్టకట్టు. లోతు పూడిన తరువాత పలుచని పొరకు మారారు. తడి పొర ఆల్కహాల్ ద్రావణంలో నిల్వ ఉండి వస్తుంది, దాన్ని సెలైన్‌లో బాగా కడిగితే తప్ప పుండు మీద పెట్టకూడదు. సిస్టరు దాన్ని పుండు కంటే కాస్త పెద్దదిగా కత్తిరించి, ఒక అంచు నుంచి పరుస్తూ, కింద గాలి బుడగ లేకుండా వేలితో నెమ్మదిగా అద్దారు. ఆరిన తరువాత ఉల్లిపొరలా పారదర్శకంగా అతుక్కుపోయింది. దాన్ని లాగకూడదు. కింద చర్మం వచ్చిన కొద్దీ అంచులు వాటంతటవే లేస్తాయి, లేచిన మేరకు కత్తెరతో తీసేస్తారు. రోజూ విప్పి చూడాలన్న నా ఆత్రాన్ని డాక్టరు గారు గట్టిగానే మందలించారు. కట్టు పైనుంచి తడవకపోతే, వాసన రాకపోతే, జ్వరం లేకపోతే ఆయన చెప్పిన రోజు దాకా దాన్ని ముట్టకూడదు.

రేణువుల కట్టును మొదటిసారి విప్పినప్పుడు పుండు నిండా పసుపు తెలుపు కలిసిన జిగురు ఉంది. దానికి ఒక రకమైన వాసన కూడా ఉంది. నా భార్య మొహం పక్కకు తిప్పుకుంది. అమ్మ నా వైపు చూసిన చూపులో, నీసు పెడితే చీము పడుతుందని ముందే చెప్పానన్న మాట ఉంది. సిస్టరు మాత్రం తొణకకుండా సెలైన్ ధారగా పోసింది. జిగురంతా కొట్టుకుపోయి కింద ఎర్రని కండ కనిపించింది. కరిగిన కొల్లాజెన్ చూపులకు అచ్చం చీములా ఉంటుంది. తేడా తెలిసేది కడిగిన తరువాతే: చుట్టూ ఎరుపు, వేడి, వాపు ఉన్నాయా, కడిగినా మళ్లీ ఊరుతోందా అని చూడాలి. కొల్లాజెన్ వాడబోయే ఇంటివారికి ఈ సంగతి ముందే చెప్పి తీరాలి.

డాక్టరు గారు చేప గురించి మాట్లాడినదాని కంటే పాదం నేల మీద ఆనకూడదన్నదాని గురించి మాట్లాడినది చాలా ఎక్కువ. పుండు సరిగ్గా ఒంటి బరువు పడేచోట ఉంది. అడుగు వేసిన ప్రతిసారీ కొత్తగా అల్లుకున్న కండ నలుగుతుంది. పాదం నుంచి పిక్క దాకా గట్టి ప్లాస్టర్ కట్టు వేయడం అన్నిటికంటే మేలైన పద్ధతి. అమ్మ అందుకు ఒప్పుకోలేదు కాబట్టి పుండు చుట్టూ మందపాటి ఫెల్ట్ మెత్తను రంధ్రం చేసి అతికించి, బరువు పక్కలకు పోయేటట్టు చేశారు. చక్రాల కుర్చీ ఒకటి అద్దెకు తెచ్చాం. తెల్లవారుజామున ఎవరూ లేవకముందే అమ్మ వంటింట్లోకి వెళ్లి పాలు పొంగించడం మానేదాకా పుండు మానడం మొదలు కాలేదని నా అభిప్రాయం. కొల్లాజెన్ పొరకు నోరుంటే అదే చెప్పేది.

ఎంత మానిందో కంటితో చెప్పడం కష్టం. అందుకని ప్రతి వారం పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితం మీద పుండు అంచును పెన్నుతో గీసి, గళ్ల కాగితం మీద పెట్టి లెక్కపెట్టేవాణ్ణి. పిల్లలకు ఆకు వైశాల్యం కొలవడం నేర్పే పద్ధతే ఇది. సరైన చికిత్స మొదలైన నాలుగు వారాలకు పాదం పుండు వైశాల్యం సగానికైనా తగ్గకపోతే పన్నెండు వారాలకు మానే అవకాశం చాలా తక్కువని పరిశోధనలు తేల్చాయి. అప్పుడు పద్ధతి మార్చుకోవాలి. అమ్మ గీతలు నాలుగో వారానికి సగానికి దిగువకు వచ్చాయి. డాక్టరు గారు ఆ కాగితాలను ఫైలులో పెట్టుకున్నారు. ఆ తరువాత కొల్లాజెన్ పొరను కూడా ఆపేసి, మామూలు పారఫిన్ గుడ్డతోనే ముగించారు. అంచుల నుంచి చర్మం దానంతటది పాకుతున్నప్పుడు ఖరీదైన పొర అవసరం లేదని ఆయన చెప్పినప్పుడు, అంతవరకు ఆయన చెప్పినవి కూడా నిజాలేనని మరోసారి నమ్మకం కలిగింది. ఆ పొరల ఖరీదు గాజుగుడ్డ కట్టుతో పోలిస్తే ఎన్నో రెట్లు. మొదటి నుంచి చివరి దాకా వాడి ఉంటే మేము భరించగలిగేవాళ్లం కాదు.

ఈ కాలమంతా పరామర్శకు వచ్చినవారు సలహాలు తెచ్చారు. మా మేనమామ సొర కాలేయపు నూనె తెచ్చాడు, తెప్పల చెక్కకు పూసేది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో కాడ్ నూనె దిగుమతి ఆగిపోయినప్పుడు మన దేశంలో సొర నూనె తీసి మందుగా వాడిన మాట నిజమే, అందులో విటమిన్ ఎ దండిగా ఉన్న మాటా నిజమే. కానీ డబ్బాలో మురిగిన నూనె వేరు, శుద్ధి చేసిన మందు వేరు. మామయ్య మనసు నొచ్చుకోకుండా దాన్ని గుమ్మానికి పూశాం. ఇంకొకాయన ఫోన్‌లో బ్రెజిల్ వీడియో చూపించి, బజారులో తిలాపియా దొరుకుతుంది కదా, తోలు ఒలిచి కట్టేద్దామన్నాడు. పచ్చి చేప తోలు మీద విబ్రియో, ఏరోమోనాస్ లాంటి బాక్టీరియా ఉంటాయి. చేపలు కోసేవారి చేతి గాయాల్లోకి చేరి నెలల తరబడి మానని గడ్డలు లేపే మైకోబాక్టీరియం మెరీనం ఒకటుంది. మధుమేహం ఉన్న పాదంలోకి వీటిని కోరి తెచ్చుకుంటే వేలో, పాదమో తీసేయవలసి రావచ్చు. మా చెల్లెలు నీళ్లలో కలుపుకుని తాగే కొల్లాజెన్ పొడి పంపింది. తాగిన కొల్లాజెన్ కడుపులో ముక్కలై పోతుంది, అది నేరుగా పాదానికి వెళ్లి కూర్చోదు. ప్రోటీన్ కోసమైతే ఆ డబ్బుతో రెండు నెలల గుడ్లు వస్తాయి.

పుండు మూతపడిన చోట చర్మం లేత గులాబీ రంగులో, చుట్టూ ఉన్నదానికంటే పలుచగా ఉంది. మచ్చపడిన చర్మానికి అసలు చర్మం బలం పూర్తిగా ఎన్నటికీ రాదు. మానిన పాదం పుండ్లలో దాదాపు 40 శాతం ఏడాదిలోపు తిరగబెడతాయని చెప్పి, ఎంసీఆర్ అనే మెత్తని రబ్బరు అడుగుతో చెప్పులు కుట్టించమన్నారు. ఇంట్లో కూడా ఆ చెప్పులు వేసుకోవాలి. అమ్మ వాటిని పూజగదిలోకి తేనన్నది ఒక్కటే షరతు. అక్కడ మందపాటి మేజోళ్లు వేసుకుంటుంది. రాత్రి పడుకునే ముందు నా భార్య ఆమె రెండు పాదాల అడుగు భాగం దీపం పెట్టి చూస్తుంది.

మా ఇంట్లో విప్పని రేణువుల సీసా ఒకటి, సగం వాడినది ఒకటి మిగిలాయి. ఊరి నుంచి మా దూరపు బంధువు ఒకావిడ వాటి కోసం వచ్చింది. ఆమె భర్తకు వల విదిలిస్తుండగా జెల్ల ముల్లు అరచేతిలో దిగబడి, చెయ్యి మణికట్టు దాకా వాచిందట. అమ్మ అప్పటికే సీసా తీసి ఆమె చేతిలో పెట్టబోతోంది. నేను ఆపాను. విప్పిన సీసా క్రిమిరహితం కాదు. అదీకాక, కొల్లాజెన్ పెట్టే గాయం అది కాదు. జెల్ల ముల్లుకు విషం ఉంటుంది. గుచ్చుకున్న వెంటనే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో చెయ్యి ముంచి ఉంచితే ఆ విషం వేడికి విరిగి నొప్పి తగ్గుతుంది. అప్పటికి ఆ సమయం దాటిపోయింది. లోపల ముల్లు ముక్క విరిగి ఉండవచ్చు, ధనుర్వాతం సూది కావాలి, వాపు పాకుతోందంటే యాంటీబయాటిక్ కావాలి. కువైట్ విశ్వవిద్యాలయంలో 1980ల నుంచి గల్ఫ్ సముద్రపు జెల్ల చర్మం మీది జిగురు పుండ్లను త్వరగా మాన్పుతుందని పరిశోధించారన్న సంగతి నాకు గుర్తొచ్చింది, కానీ దాన్ని ఆవిడ ముందు ఎత్తలేదు. ఎత్తి ఉంటే మరుసటి రోజు ఆవిడ భర్త జెల్ల తోలు చేతికి కట్టుకుని వచ్చేవాడు. ఆ మధ్యాహ్నమే ఇద్దరినీ ఆటోలో ఎక్కించుకుని శస్త్రవైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లాను. ఎక్స్‌రేలో అరంగుళం ముల్లు ముక్క కనిపించింది. దాన్ని తీసి, కడిగి, కుట్లు వేయకుండా వదిలేశారు. ఆవిడ నన్ను అడిగిన మొదటి మాట, ఇక భర్తకు తినడానికి చేపలు పెట్టవచ్చా అని. డాక్టరు గారినే అడగమన్నాను. పెట్టవచ్చన్నారు. ఆవిడ మాత్రం నమ్మినట్టు కనిపించలేదు.